తలకొలత చెప్పులు

ఆ రాజ్యంలో బడి కొండ మీద ఉండేది. పని కొండకు అవతల, మైదానం దాటాక ఉండేది. ఆ మైదానం నిండా పల్లేరుకాయలు.

బడి నేల చాలా నునుపు. రోజుకు రెండుసార్లు ఊడ్చేవారు, వారానికొకసారి అలికేవారు. పిల్లలు పదేళ్ళపాటు ఆ నేల మీద వట్టి కాళ్ళతో తిరిగేవారు. పల్లేరుకాయ వాళ్ళకు పాఠంలో మాత్రమే తగిలేది. "పల్లేరుకాయకు ముళ్ళెన్ని?" అని పరీక్షలో అడిగితే అందరూ సరిగ్గానే రాసేవారు. అది కాలిలో దిగితే ఎలా తీసుకోవాలో పరీక్షలో రాదు. కనుక ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏడాదికి ఒక్క రోజు, చదువు పూర్తయినవాళ్ళ కోసం బడి వెనక ద్వారం తెరిచేవారు. ఆ రోజు పొద్దుగుంకేలోగా మైదానం దాటి, అవతల కార్ఖానాల్లోనో పొలాల్లోనో రేవులోనో మేస్త్రి ముందు నిలబడాలి. పొద్దుగుంకితే మేస్త్రీలు తలుపులు మూసేవారు. దాటలేనివాళ్ళు వెనక్కి వచ్చి ద్వారం పక్కన ఉన్న చావడిలో కూర్చునేవారు. ఆ చావడి పేరు తాత్కాలిక విశ్రాంతి మందిరం. అందులో కొందరికి జుట్టు నెరిసింది.

పూర్వం ఎవరి తండ్రి చెప్పులు వాళ్ళు వేసుకుని వెళ్ళేవారు. కుమ్మరి కొడుకు కుమ్మరి చెప్పులు, కరణం కొడుకు కరణం చెప్పులు. చెప్పులు తమకు తెలిసిన దారినే నడిచేవి, కాళ్ళు వాటి వెంట పోయేవి. తండ్రికి చెప్పులే లేనివాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆడపిల్లల సంగతి అసలే లేదు.

కొత్తగా వచ్చిన రాజు మంచివాడు. అతనికి ఈ పద్ధతి నచ్చలేదు. "ఇకమీదట ప్రతి బిడ్డకూ తన కాలికి తగిన చెప్పులు మేమే ఇస్తాం" అని చాటింపు వేయించాడు. జనం సంతోషంతో డప్పులు కొట్టారు. పాదరక్షల శాఖ పుట్టింది. దానికి ఒక అధిపతి, ఆయన కింద నలుగురు ఉపాధిపతులు, వాళ్ళ కింద లేఖకులు, అందరికంటే కింద ఒక కొలతగాడు. బళ్ళ మీద తోలు వచ్చింది. అంతా సిద్ధమయ్యాక ఒక చిక్కు బయటపడింది.

చెప్పులు కుట్టాలంటే కాలు కొలవాలి. కొలవాలంటే ముట్టుకోవాలి. శాఖలో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకుంటే చిన్నవాళ్ళకు ఆయుక్షీణమని ఆ రాజ్యంలో పసివాడికి కూడా తెలుసు. పలక పట్టేదాకా బిడ్డ పాదం తల్లిది. పలక పట్టాక శాస్త్రానిది.

సభ చేశారు. "ముట్టుకోకుండా చూసి కొలవచ్చు కదా?" అన్నారొకరు. "చూడాలంటే వంగాలి. వంగితే సగం నమస్కారం అయినట్టే, సగం ఆయుష్షు పోతుంది" అన్నాడు పండితుడు. ఒక చిన్న లేఖకుడు లేచి, "పిల్లల్ని బల్ల మీద నిలబెడితే మనం వంగక్కర్లేదండీ" అన్నాడు. పిల్లలు పెద్దలకంటే ఎత్తున నిలబడడమా! సభ నివ్వెరపోయింది. ఆ లేఖకుణ్ణి మర్నాడే చెరువుల శాఖకు బదిలీ చేశారు.

నాలుగో రోజున అధిపతికి ఉపాయం తోచింది. "కాలు ఎవరిది? మనిషిది. తల ఎవరిది? ఆ మనిషిదే. ఒకే మనిషిలో ఉన్న రెంటికి సంబంధం లేకుండా ఎలా పోతుంది? తల కొలుద్దాం. తల మన చేతికి అందే ఎత్తులో ఉంది. పైగా గౌరవమైన అవయవం."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పండితులు ఆరు నెలలు కూర్చుని ఒక పట్టిక తయారుచేశారు. తల చుట్టుకొలత ఇంత ఉంటే చెప్పు సంఖ్య ఇంత. ఒకటి నుంచి పది దాకా సంఖ్యలు. కొలవడానికి పట్టుతాడు నేయించారు. ఎందుకంటే అది పిల్లల భవిష్యత్తు.

మొదటి ఏడాది ద్వారం తెరిచినప్పుడు పిల్లలు కుంటుతూ దిగారు. కొందరి మడమలు చెప్పుల బయట ఉన్నాయి. కొందరి చెప్పులు వాళ్ళ వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. సగం మంది సాయంత్రానికి చావడి చేరారు.

రాజు విచారణ జరిపించాడు. ఉపాధిపతులు నలుగురూ పట్టికను పరీక్షించి, ప్రతి చెప్పూ ప్రతి తలకూ ఖచ్చితంగా సరిపోయిందని తేల్చారు. లోపం పాదాల్లో ఉందన్నారు. "బడి నుంచి వస్తున్న పాదాలకు తగినంత నైపుణ్యం లేదు" అని నివేదిక రాశారు. పాదాల కోసం ఆరు వారాల నడక శిక్షణ మొదలుపెట్టారు. అది బడి ఆవరణలోని నున్నటి నేల మీదే జరిగేది. నేర్పే గురువు రోజూ పల్లకిలో వచ్చేవాడు.

జనం మాత్రం నివేదికలు చదవరు. జనం సంఖ్యలు చూస్తారు. రాజుగారి చెప్పులు పదో సంఖ్యవని ఎవరో అన్నారు. అంతే, ఊరందరికీ పది కావలసి వచ్చింది. తలలు పెంచే శాలలు వీధి వీధికీ వెలిశాయి. పిల్లల్ని తెల్లారేసరికి అక్కడ దింపితే మందారాకు నూరి పట్టించేవారు, ఆముదం మర్దించేవారు, కొలిచే క్షణంలో ఊపిరి బిగబట్టి నుదురు ఉబ్బించడం నేర్పేవారు. "మా శాల నుంచి నిరుడు పదకొండు పదులు" అని గోడల మీద రాసుకునేవారు. ఆ పదకొండు మందీ ఎక్కడున్నారని ఎవరైనా అడిగితే చావడి వైపు చూపించాల్సి వచ్చేది. కనుక ఎవరూ అడిగేవారు కాదు.

ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఆ ఊళ్ళో అప్పడాలు ఒత్తి బతికే ఒక తల్లి ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు. తల్లి చాలా జాగ్రత్త మనిషి. శాఖ ఇచ్చిన ప్రకటనలన్నీ వరసగా దారానికి గుచ్చి చూరుకు వేలాడదీసుకునేది. కొలతకు ముందు జడ విప్పాలన్నది ఎన్నో ప్రకటనో అడిగితే నిద్రలో లేపినా చెప్పేది. కూతురికి రెండేళ్ళు మందారాకు పట్టించింది. నడక శిక్షణ ఒక్క రోజూ మాన్పించలేదు. ఎక్కడైనా తన పొరపాటు వల్ల బిడ్డ వెనకబడిపోతుందేమోనని అన్నం తింటూ కూడా చూరు వైపు చూసేది.

కూతురి తల చిన్నది, పాదాలు పెద్దవి. వెడల్పైన పాదాలు, విడివిడిగా నిలబడే వేళ్ళు. ఆ పిల్లకు ఒక గుణం ఉంది. తిరిగే వస్తువు ఏది మూలిగినా ఎక్కడ అరిగిందో చెప్పేది. బడి బావి గిలక కీచుమంటుంటే అందరూ చెవులు మూసుకునేవారు. ఈ పిల్ల చెవి ఒగ్గేది. "కుడి పక్క అరిగింది, తాడు అటు లాగుతోంది" అని తనే చెక్కముక్క పెట్టి సరిచేసింది. పంతులుగారు చూసి, "నీ చెవి బాగుందమ్మాయ్. కానీ చెవిని తల చుట్టుకొలతలో కలపరు కదా, ఎందుకు శ్రమ?" అన్నారు.

మైదానం అవతల నీటిచక్రాల కార్ఖానా ఒకటి ఉంది. అక్కడ ఆ ఏడు ఒక్క చోటు ఖాళీ అయిందని కబురొచ్చింది. మళ్ళీ ఎన్నేళ్ళకో. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే. ద్వారం తెరిచిన రోజున పొద్దుగుంకేలోగా అక్కడికి చేరాలి.

కొలతల రోజు వచ్చింది. కొలతగాడు పట్టుతాడు చుట్టాడు, పట్టిక చూశాడు.

"నాలుగు" అన్నాడు.

వరసలో వెనక ఉన్న పొరుగింటావిడ నోరు నొక్కుకుంది. "అయ్యో వదినా, నాలుగేనా? మావాడికి తొమ్మిది వచ్చింది. పదే వచ్చేది, తుమ్ము వచ్చి ఊపిరి వదిలేశాడు, వెధవ."

నిరుడు ఎదురింటివాళ్ళ పిల్లకు మూడు వచ్చినప్పుడు ఈ తల్లి కూడా ఇలాగే నోరు నొక్కుకుంది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండుననుకుంది.

వరస తప్పుకున్నాక ఆమె కొలతగాడి దగ్గరికి వెళ్ళింది. కొలతగాడు ముసలివాడు, మెత్తని మనిషి. పిల్లలంటే ప్రాణం. తాడు బిగిస్తే నొప్పి పుడుతుందని రెండు వేళ్ళ సందు ఉంచి కొలిచేవాడు.

"అయ్యా, ఒక్కసారి దాని కాళ్ళు చూడండి" అంది తల్లి.

కొలతగాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "అంత మాటనకు తల్లీ. ముప్ఫై ఏళ్ళుగా ఈ కొలువులో ఉన్నాను. ఒక్క బిడ్డ పాదం ముట్టుకోలేదు. ఒక్క బిడ్డ నావల్ల చావలేదు."

"ముట్టుకోవద్దండీ. చూడండి చాలు."

"చూస్తే వంగాలిగా. నేను వంగనిది నా గొప్ప కోసమా? నీ పిల్ల నూరేళ్ళు బతకాలనే కదా?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే. కసురుకునే మనిషైతే తిట్టవచ్చు. ప్రేమతో వంగనివాణ్ణి ఏమనాలి?

ఆమె అధిపతి దగ్గరికి వెళ్ళింది. అధిపతి ఆమెను కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు, చెప్పినదంతా విన్నాడు.

"చూడమ్మా, చెప్పు నాలుగు. కాలు అంతకంటే చాలా పెద్దది అంటున్నావు. చెప్పును రాజుగారు ఇచ్చారు. కాలును ఎవరిచ్చారు?"

"దేవుడిచ్చాడండీ."

"మరి రాజుగారిది తప్పంటావా, దేవుడిది తప్పంటావా?"

తల్లి తడబడింది. "తప్పు ఎవరిదో నాకెందుకండీ, కాలికి సరిపోతే చాలు. నేను అప్పడాలు ఒత్తేదాన్ని. అన్నీ ఒకే కొలత రావడమే నా పని. కాని అప్పడానికి నడిచే పని లేదండీ."

అధిపతి నవ్వాడు. ఆ మాట బాగుందని పక్కనున్న లేఖకుడితో రాయించుకున్నాడు, వచ్చే ఉపన్యాసంలో వాడుకోవడానికి. తర్వాత ఒక యువకుణ్ణి పిలిపించాడు. అతను వేళ్ళు లోపలికి ముడుచుకుని, మడమల మీద తక్కెడలా ఊగుతూ వచ్చాడు.

"ఇతనికి కాలు పెద్దది, చెప్పు అయిదు. మా దగ్గర ప్రత్యేక శిక్షణ తీసుకున్నాక ఎంత ముచ్చటగా నడుస్తున్నాడో చూడు. మీ అమ్మాయికీ ఇప్పిస్తాం. వేళ్ళు ముడవడానికి ఆరు వారాలు పడుతుంది."

"ద్వారం ఎల్లుండే తెరుస్తారు కదండీ!"

"పైఏడు కూడా తెరుస్తారమ్మా. ద్వారం ఎక్కడికి పోతుంది?"

తల్లి ఆ యువకుడి వైపు తిరిగింది. "బాబూ, నువ్వు ఏ పనిలో ఉన్నావు?"

"ఇదేనండీ" అన్నాడతను. "నడిచి చూపించడం."

వెనక ద్వారం బయట, రెండు కర్రల మీద గోనెపట్టా కప్పుకుని ఒక ముసలామె కూర్చునేది. ఆమె కులం వాళ్ళను బడి మెట్లు ఎక్కనిచ్చేవారు కాదు. కుంటుతూ తిరిగొచ్చేవాళ్ళు తెగిన చెప్పులు ఆమె ముందు విసిరి, దూరంగా నిలబడి కుట్టించుకునేవారు. ముల్లు లోతుగా దిగితే మాత్రం ఎవరూ చూడకుండా కాలు ఆమె చేతికే ఇచ్చేవారు. కొత్త చెప్పులు కుట్టడానికి ఆమెకు అనుమతి లేదు. అవి రాజముద్ర ఉన్నవే కావాలి. బాగుచేయడానికి మాత్రం అడ్డు లేదు. ఆమె పక్కన వదిలేసిన రాజముద్ర చెప్పుల కుప్ప ఒకటి నడుము ఎత్తున ఉండేది.

మర్నాడు తల్లీ కూతుళ్ళు ఆమె దగ్గరికి వచ్చారు. తల్లి ఊరికే అడిగి చూద్దామని వచ్చింది. ముసలామె ఏమీ అడక్కుండానే పిల్ల కాళ్ళ వైపు చూసింది. పదేళ్ళలో ఆ పిల్ల కాళ్ళ వైపు చూసిన మొదటి పెద్దమనిషి ఆమే.

"కాలిట్టా పెట్టమ్మాయ్" అని చెయ్యి చాచింది.

తల్లి పిల్లను వెనక్కి లాగింది. "అవ్వా, ముట్టుకోకు! పిల్లకు ఆయుష్షు..."

ముసలామె పకపకా నవ్వింది. "ఈ ఊరి కాళ్ళన్నీ నా చేతుల మీంచి పోయినయ్యే తల్లీ. నేను ముట్టిన కాళ్ళకల్లా ఆయుస్సు తగ్గేదైతే ఈపాటికి ఊళ్ళో కాకులు కూడా మిగిలేవి కాదు."

"శాస్త్రంలో ఉందంట అవ్వా."

"ఉండుద్ది, ఉండుద్ది. మాకు ఆ శాస్త్రం ఎవురూ చెప్పలేదు. చెప్పటానికి బళ్ళోకి రానిచ్చారా ఏంది?"

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. తల్లి చేతిలోంచి జారి, వచ్చి కాలు పెట్టింది. ముసలామె చీపురు ఈనె ఒకటి తీసి మడమ నుంచి వేలి దాకా ఆనించి గోటితో గాటు పెట్టింది. పాదం అడ్డంగా ఇంకొక గాటు. అంతే. నోట్లో తమలపాకు నమిలేంత సేపు కూడా పట్టలేదు.

"ఎనిమిది. దాని మీద వేలెడు వెడల్పు. నడిచే కాలమ్మా ఇది, నిలబడి ఊగే కాలు కాదు. నీకు ఎంత ఇచ్చారు?"

"నాలుగు" అంది పిల్ల.

"నా తల్లే! మోకాలికీ బోడిగుండుకీ ముడెట్టటం అంటే ఎవురో ఎకసెక్కానికి అన్నారనుకున్నా. దానికి శాఖ కూడా పెట్టారా?"

చెప్పులు ద్వారం దగ్గరే ఇస్తారు, ముందు ఇవ్వరు. ముసలామె తన పక్కనున్న కుప్ప వైపు చూసింది. "రేపు చెప్పులు చేతికి రాంగానే ఇట్టా రండి. కొత్తవి కుడితే నా చేతులు నరుకుతారు. బాగుచేస్తే ఏమనరు. నాలుగును బాగుచేస్తే ఎనిమిది అవుద్ది."

"అవుతుందా అవ్వా?" అంది తల్లి.

"తోలు నాకు తెలుసు. ఒకటే కట్టం. కాలి మీదే ఉంచి కుట్టాల. ఒక చెయ్యి తోలు లాగాల, ఒక చెయ్యి ఆరె దించాల. కాలు కదిలితే ఆరె సూది ఎముకలో దిగుద్ది. మడమ గట్టిగా పట్టుకునే చెయ్యి ఇంకోటి కావాల. నాకున్నవి రెండే." అని తల్లి చేతుల వైపు చూసింది.

తల్లి చేతులు కొంగులో దాచుకుంది.

ద్వారం తెరిచే రోజున రాజు మేడమీద ఆసనం వేయించుకున్నాడు. నాదస్వరాలు మోగాయి. పిల్లలు వరసగా వచ్చి చెప్పులు తీసుకుని, తలకు తాకించుకుని, కాళ్ళకు తొడిగే ప్రయత్నం చేశారు. పొరుగింటావిడ కొడుకు తొమ్మిదో సంఖ్య చెప్పుల్లో రెండు పడవల్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఈ పిల్ల తన నాలుగు పట్టుకుని తిన్నగా గోనెపట్టా దగ్గరికి వెళ్ళింది. తల్లి వెంట పరుగెత్తింది. ముసలామె కుప్పలోంచి ముందే కోసి ఉంచిన తోలుముక్కలు పరిచింది. నాలుగో సంఖ్య చెప్పును ముందూ వెనకా చీల్చి పిల్ల పాదం కింద పెట్టింది. ఆరె చేతికి తీసుకుంది.

"ఎవురు పడతారు? పొద్దు పోతంది."

తల్లి నిలబడిపోయింది. పలక పట్టిన రోజు నుంచి ఆమె ఆ పాదం ముట్టుకోలేదు. వేలు వాచినా, దెబ్బ తగిలినా, పిల్లే చూసుకునేది. తల్లి దూరం నుంచి చెప్పేది. అన్ని ప్రకటనలూ పాటించిన మనిషి. ఈ ఒక్కటి తప్పితే, ఆ తప్పు పిల్ల ఆయుష్షులోంచి పోతే?

"వద్దులే అమ్మా" అంది కూతురు. "నీకు భయం."

"భయమే" అంది తల్లి. మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులతో కూతురి మడమ పట్టుకుంది. "పట్టుకునే భయపడతాను. కుట్టు అవ్వా."

చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు పెట్టారు. "అయ్యో, కన్నతల్లి బిడ్డ కాళ్ళు పట్టుకుంది! పిల్లను చంపుకుంటోంది!" పొరుగింటావిడ చెవులు మూసుకుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు. ముసలామె ఎవరి మాటా వినలేదు. "ఇంకాస్త బిగించు... అప్పడాల కర్ర పట్టుకున్నట్టు కాదమ్మా, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకో" అంది. ఆరె దిగింది, వచ్చింది, దిగింది.

మేడమీద రాజు కళ్ళు చికిలించి చూశాడు. "అక్కడ ఏం జరుగుతోంది? ఆ స్త్రీ ఎందుకు అలా వంగింది?"

మన చెప్పులు సరిపోక విప్పి కుట్టిస్తోంది ప్రభూ అని అధిపతి చెప్పాలి. అలా చెబితే తర్వాత చాలా చెప్పవలసి వస్తుంది. అధిపతి అనుభవజ్ఞుడు.

"చదువు ముగించిన బిడ్డ పాదాలకు తల్లి నమస్కరిస్తోంది ప్రభూ. మన శాఖ మీద కృతజ్ఞతతో."

రాజు చలించిపోయాడు. ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

పిల్ల లేచి నిలబడింది. నాలుగడుగులు వేసింది. చెప్పులు నాలుగు రంగుల తోలుతో, ఆరు ముక్కలతో, మూడు రాజముద్రలతో ఉన్నాయి. చూడటానికి వికారంగా ఉన్నాయి. కాలికి సరిపోయాయి. తల్లి వైపు ఒకసారి చూసి మైదానంలోకి దిగింది.

దారిలో చాలామంది కనిపించారు. కొందరు చెప్పులు చేతిలో పట్టుకుని ముళ్ళ మీద గెంతుతున్నారు. పొరుగింటి కుర్రాడు ఆగి ఆగి వెనక్కి వెళ్ళి చెప్పు తెచ్చుకుంటున్నాడు.

"ఏం సంఖ్య నీది?" అని అరిచాడతను, పడిపోతూ.

"నాలుగు!" అంది పిల్ల, దాటిపోతూ.

"నాది తొమ్మిది!"

"ఆ తొమ్మిదిని కొంచెం గుడ్డపేలికతో కట్టుకోరా. సాయంత్రానికైనా వస్తావు."

"కడితే ముద్ర కనపడదే!" అన్నాడతను. ఆ మాట నిజమే కనుక ఆమె ముందుకు సాగింది.

పొద్దు ఇంకా రెండు బారలు ఉందనగా ఆమె కార్ఖానా గుమ్మం చేరింది. మేస్త్రి తలుపు దగ్గరే ఉన్నాడు. చేతిలో శాఖవారు పంపిన పట్టిక.

"ఎంత నీది?"

"నాలుగని రాశారండీ. ఎనిమిది నడిచాను."

మేస్త్రి ఆమె చెప్పులు చూశాడు. "అవి బయట విడిచి లోపలికి రా. ఇక్కడంతా నీళ్ళలో పని" అన్నాడు. లోపల పెద్ద చక్రం ఒకటి మూలుగుతూ తిరుగుతోంది. పిల్ల అడక్కుండానే ఆగింది. తల ఒక పక్కకు వంచింది.

"ఎడమ పక్క ఇరుసు అరిగిందండీ. కొవ్వు పూస్తే లాభం లేదు, కట్టె మార్చాలి."

మేస్త్రి పనివాళ్ళ వైపు తిరిగాడు. "ఏడాదిగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదరా, కొవ్వు పూసే వెధవల్లారా!" పట్టికను మడిచి తలుపు సందులో దోపాడు. "రేపు పొద్దున్నే రా అమ్మాయ్. కాదు, ఇప్పుడే రా."

కబురు తల్లికి చేరింది. ఆమె చాలా రోజులు కూతురి ఆయుష్షు గురించి భయపడింది. కూతురు బతికే ఉంది. ఉండటమే కాదు, లావైంది.

ఇక్కడ రాజు ఊరికే ఉండలేదు. కన్నతల్లి చేసినది కన్నతండ్రి వంటి రాజ్యం చేయకపోతే ఎలా? పైఏటి నుంచి ద్వారం తెరిచే రోజున శాఖవారంతా బిడ్డల పాదాలు కడిగి, పసుపు రాసి, పూలు వేసి నమస్కరించాలని ఆజ్ఞ ఇచ్చాడు.

"మరి ఆయుక్షీణం?" అని ఎవరో గొణిగారు. పండితులు అరపూటలో దారి చూపించారు. కొలవడానికి ముట్టుకుంటే దోషం. పూజించడానికి ముట్టుకుంటే దోషం లేదు. ముప్ఫై ఏళ్ళ అడ్డు మధ్యాహ్న భోజనానికి ముందే తొలగిపోయింది.

ఉత్సవానికి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. పవిత్రమైన చోటు కనుక ద్వారం ముందున్న గోనెపట్టాను నూరు బారల అవతలికి తోయించారు. కుప్పనంతా కాల్చేశారు. అప్పడాల తల్లిని మేడమీదికి పిలిచి శాలువా కప్పారు, రెండు మాటలు చెప్పమన్నారు. "అయ్యా, నేను నమస్కారం చేయలేదండీ, మడమ పట్టుకున్నాను. కొలత..." అంటుండగా నాదస్వరాలు అందుకున్నాయి.

కొలతలను కూడా ఈ ఉత్సవంలోనే కలిపారు. వరసలో మొదట ఒక పిల్ల నిలబడింది. కొత్తగా చేరిన లేఖకుడు ఆమె తల చుట్టూ పట్టుతాడు తిప్పి, "అయిదు" అన్నాడు. ఆమె అరికాళ్ళ ముందు ఇత్తడి పళ్ళెం పెట్టారు. ముసలి కొలతగాడు, జీవితంలో మొదటిసారి, మెల్లగా మోకాళ్ళ మీదికి వంగాడు. ఆ పాదాలు కడిగాడు. పసుపు రాశాడు. రెండు అరచేతులతో మడమ నుంచి వేళ్ళ దాకా నిమిరాడు.

పిల్ల కిందికి వంగి అతని చెవిలో అంది: "తాతగారూ, ఎలాగూ వంగారు కదా. నా కాలు ఎంతుందో ఒక్కసారి చూడరూ?"

కొలతగాడు చూడలేదు. భక్తితో కళ్ళు మూసుకుని ఉన్నాడు.